నెలవంకను చూస్తారు, నెలవంకకు మొక్కరు

రంజాన్ నెల చివరికి వచ్చేసరికి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతుంది. మాటలు కొంచెం అటూ ఇటూ మారినా సారాంశం ఒకటే: "రంజాన్ పండుగ అసలు చంద్రుడి పూజ. అందుకే నెలవంక కనబడితే తప్ప పండుగ చేసుకోరు. కనబడగానే చేతులెత్తి మొక్కుతారు. మసీదు మీద ఉండేదీ నెలవంకే. అల్లా అన్నది ఇస్లాంకు ముందు అరబ్బులు కొలిచిన చంద్రదేవుడి పేరు, తవ్వకాల్లో ఆధారాలు కూడా దొరికాయి. పైగా పండుగ ఏ రోజో వాళ్లకే తెలియదు, ఒక్కో దేశంలో ఒక్కో రోజు. నెలంతా పస్తులుండి చివర్లో కడుపునిండా తినడం తప్ప అందులో ఇంకేం లేదు." కింద ఒక రాతి విగ్రహం ఫొటో. ఆ కింద "పది మందికి పంపండి".

చంద్రుణ్ణి కొలవడం తప్పని నేనేమీ అనడం లేదు. లోకంలో చాలా జాతులు కొలిచాయి, ఇప్పటికీ కొలిచేవాళ్లున్నారు. కానీ రంజాన్ పండుగ, అంటే ఈద్-ఉల్-ఫితర్, అలాంటి పండుగేనా అంటే మాత్రం ఈ మెసేజ్ వాదన నిలబడదు. వరసగా చూద్దాం.

"నెలవంక కనబడితే తప్ప పండుగ చేసుకోరు."

సగం నిజం, అందుకే ఎక్కువ మంది నమ్మేస్తారు. ప్రవక్త ముహమ్మద్ చెప్పిన నియమం హదీసుల్లో, అంటే ఆయన మాటలు, చేతల కథనాల్లో ఉంది: నెలవంకను చూసి ఉపవాసాలు మొదలుపెట్టండి, చూసి ముగించండి, మబ్బు పట్టి కనబడకపోతే ముప్పై రోజులు పూర్తి చేయండి. మెసేజ్ రాసినాయన మొదటి రెండు ముక్కలు పట్టుకుని మూడోది వదిలేశాడు. అసలు కిటుకంతా ఆ మూడో ముక్కలోనే ఉంది. ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం నెలవంక కనబడిందా, మర్నాడు రంజాన్ తర్వాతి నెల షవ్వాల్ ఒకటో తేదీ, పండుగ. కనబడలేదా, ఇంకో ఉపవాసం ఉండి ఆ మర్నాడు పండుగ. ముప్పై అయ్యాక చంద్రుడు కనబడ్డాడా లేదా అని ఎవరూ అడగరు. రెండు సాయంత్రాలూ మబ్బుపట్టి చంద్రుడి జాడే లేకపోయినా పండుగ ఆగదు. కొలిచే దేవుడే కనబడకపోతే ఆ పూజ ఇంత తేలిగ్గా జరిగిపోతుందా?

చంద్రుడితో ఇస్లాంకున్న పని తేదీల వరకే. ఈ మాట ఖురాన్‌లోనే ఉంది (2:189). నెలవంకల గురించి అడిగినవాళ్లకు, అవి జనానికీ హజ్ యాత్రకూ కాలం చూపే గుర్తులని చెప్పమంటుంది. చంద్రుడి నెల సగటున ఇరవై తొమ్మిదిన్నర రోజులు. పన్నెండు నెలలకు 354 రోజులు, ఎప్పుడైనా 355. సూర్యుడి ఏడాదికి పదకొండు రోజులు తక్కువ. ఆ తేడా సర్దడానికి ఇస్లాంకు ముందు అరబ్బులు అప్పుడప్పుడూ ఒక అధిక మాసం కలిపేవాళ్లు. ఖురాన్ దాన్ని నిషేధించింది (9:37). అందుకే రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్లకు అన్ని రుతువులూ చుట్టి వస్తుంది. 2000 సంవత్సరంలో ఈద్ రెండుసార్లు వచ్చింది, జనవరిలో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి. 2033లో మళ్లీ అలాగే రాబోతోంది. ఒకే మనిషి తన జీవితంలో ఎండాకాలపు పొడుగాటి ఉపవాసాలూ, చలికాలపు పొట్టి ఉపవాసాలూ రెండూ చూస్తాడు.

"కనబడగానే చేతులెత్తి మొక్కుతారు."

చేతులెత్తేది దుఆ చేయడానికి, అంటే అల్లాహ్‌ను వేడుకోవడానికి. ఆ దుఆలో ఏముందో ఒకసారి వింటే చాలు, ఈ వాదన అక్కడితో సరి. తిర్మిజీ హదీసు సంకలనంలో ఉన్న ఆ మాటల అర్థం ఇది: "అల్లాహ్, ఈ నెలవంకను మా మీద శుభంతో, విశ్వాసంతో, క్షేమంతో, ఇస్లాంతో ఉదయింపజేయి." ఆ తర్వాత చంద్రుడి వైపు తిరిగి ఒక మాట: "నా ప్రభువూ, నీ ప్రభువూ అల్లాహే." అంటే నువ్వూ నాలాగే ఒకడి చేతి కింద ఉన్నవాడివేనని చంద్రుడి ముఖం మీదే చెప్పడం. ఏ పూజలోనైనా పూజ అందుకునేవాణ్ణి ఇలా పలకరిస్తారా? ఇది రంజాన్ పండుగకే పరిమితమూ కాదు, ఏ నెల నెలవంక చూసినా చదివే దుఆనే.

ఇక పండుగ నమాజు. అది మర్నాడు పొద్దున, సూర్యుడు బాగా పైకి వచ్చాక. అప్పుడు ఆ నెలవంక కంటికి ఆనను కూడా ఆనదు. సరిగ్గా సూర్యుడు ఉదయించేటప్పుడు, నడినెత్తిన ఉన్నప్పుడు, అస్తమించేటప్పుడు నమాజు చేయొద్దన్న నిషేధం ఒకటుంది. సూర్యుణ్ణి కొలిచేవాళ్ల తీరు పొరపాటున కూడా రాకూడదన్నది దానికి హదీసులోనే చెప్పిన కారణాల్లో ఒకటి.

దిక్కు సంగతి కూడా చూడండి. కొత్త నెలవంక కనబడేది ఎప్పుడూ పడమట, సూర్యాస్తమయం తర్వాత. మక్కాకు తూర్పున ఉన్న దేశాల్లో నమాజు దిక్కు కూడా దాదాపు పడమరే. రెండూ ఒకే వైపు కావడంతో చూసేవాళ్లకు అనుమానం రావడం సహజమే. మొరాకో వాళ్లు తూర్పుకు తిరుగుతారు, నెలవంక వాళ్ల వీపు వెనక ఉంటుంది. యెమెన్‌లో ఉత్తరానికి తిరుగుతారు. అందరి దిక్కూ మక్కాలోని కాబా మందిరం, చంద్రుడు కాదు.

"మసీదు మీద ఉండేదీ నెలవంకే."

చాలా మసీదుల మీద ఉంటుంది, కాదనను. అయితే మదీనాలో ప్రవక్త కట్టిన మసీదుకు ఖర్జూరపు దుంగలు స్తంభాలు, ఖర్జూరపు మట్టలు కప్పు. గుమ్మటమూ లేదు, మీనారూ లేదు, ఇక నెలవంక ఎక్కడ పెడతారు? ఆయన సైన్యం జెండాల మీదా ఆ గుర్తు ఉన్నట్టు పాత కథనాలు చెప్పవు. నెలవంక, నక్షత్రం గుర్తు క్రీస్తుకు ముందే బైజాంటియం (ఇప్పటి ఇస్తాంబుల్) నగరం నాణేల మీద ఉంది. ఇరాన్ సాసానీ రాజుల నాణేల మీదా నెలవంకలు ఉన్నాయి. దానికి ముస్లిం ప్రపంచంలో ఇంత పేరు తెచ్చింది ఒట్టొమన్ తుర్కులు. వాళ్ల జెండా చూసి తర్వాత పుట్టిన దేశాలు కొన్ని పెట్టుకున్నాయి. మతానికి అదే ప్రాణమైతే మక్కా, మదీనాలున్న సౌదీ అరేబియా జెండా మీద ఎందుకు లేదు? అక్కడ ఉన్నది ఒక వాక్యం, ఒక కత్తి. ముస్లింలు అందరికన్నా ఎక్కువగా ఉన్న ఇండోనేషియా జెండా ఉత్త ఎరుపు, తెలుపు. అన్నట్టు, మక్కాలో కాబా పక్కన కట్టిన గడియారం టవర్ మీద పెద్ద నెలవంక ఉన్న మాట నిజం. ఆ టవర్ వయసు రెండు దశాబ్దాలు కూడా లేదు.

"అల్లా అన్నది చంద్రదేవుడి పేరు, తవ్వకాల్లో ఆధారాలు దొరికాయి."

మెసేజ్‌కు వెన్నెముక ఇదే కాబట్టి దీని దగ్గర కాస్త ఆగాలి. ఈ వాదనను 1990లలో బాగా ప్రచారంలోకి తెచ్చింది రాబర్ట్ మోరీ అనే అమెరికన్ క్రైస్తవ ప్రచారకుడు. అంతకుముందు 20వ శతాబ్దపు తొలిరోజుల్లో హ్యూగో వింక్లర్ అనే జర్మన్ పండితుడు, కాబాలో ఉండిన హుబల్ అనే విగ్రహం చంద్రదేవుడిది కావచ్చని ఊహించాడు. అది ఊహ, దానికి శాసనం ఏదీ లేదు. హుబలే చంద్రుడు, అల్లాహే హుబల్ అని ఆ ఊహ మీద ఇంకో ఊహ పేర్చుకుంటూ పోయారు.

హుబల్, అల్లాహ్ ఒకరే అయితే 625లో ఉహుద్ యుద్ధం దగ్గర జరిగిందేమిటి? ఆ రోజు మక్కా సైన్యానిది పైచేయి అయింది. వాళ్ల నాయకుడు అబూ సుఫ్యాన్ కొండ కింద నిలబడి "హుబల్‌కు జయం" అని కేక పెట్టాడు. జవాబివ్వమని ప్రవక్త తనవాళ్లకు చెప్పాడు. ఏమనాలి అని వాళ్లు అడిగితే, "అల్లాహే అత్యున్నతుడు, మహా ఘనుడు" అనమన్నాడు. బుఖారీ హదీసుల్లో ఉన్న సంగతి ఇది. ఒకరి పేరుకు ఎదురుగా ఇంకొకరి పేరు నిలిపారంటే ఇద్దరూ ఒకరెలా అవుతారు? ఐదేళ్ల తర్వాత మక్కా చేతికి వచ్చినప్పుడు కాబా దగ్గరి విగ్రహాలన్నిటితో పాటు హుబల్‌నూ తొలగించారు.

ఇక ఆ ఫొటో. ఈ మెసేజ్ వెంట తరచుగా తిరిగేది ఇజ్రాయెల్ ఉత్తరాన హాజోర్ అనే చోట దొరికిన రాతి బొమ్మ. కూర్చుని ఉన్న మనిషి, ఛాతీ మీద తలకిందులుగా ఉన్న నెలవంక. 1950లలో యిగాయెల్ యాదిన్ బృందం తవ్వి తీసింది. కనానీయుల గుడిలోది, క్రీస్తుకు పూర్వం వెయ్యేళ్లకు ఇంకా వెనకటిది. చంద్రుడి ఆరాధనతో దానికి సంబంధం ఉందంటే ఒప్పుకోవచ్చు. కానీ దాని మీద అల్లాహ్ పేరు లేదు. మక్కా అక్కడికి వెయ్యి కిలోమీటర్లు దాటిన దూరం. ఇస్లాంకూ దానికీ మధ్య దాదాపు రెండు వేల ఏళ్లు. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టడమంటే ఇదే.

అరేబియాలో చంద్రుణ్ణి కొలిచినవాళ్లు లేరా అంటే, ఉన్నారు. ఉన్నారు కాబట్టే ఖురాన్ పేరు పెట్టి మరీ వద్దంది (41:37): "సూర్యుడికీ సాష్టాంగపడకండి, చంద్రుడికీ పడకండి, వాటిని సృష్టించిన అల్లాహ్‌కు సాష్టాంగపడండి." పారాయణం చేసేవాళ్లు ఈ చోటికి రాగానే చదవడం ఆపి నిజంగానే నేలకు నుదురు ఆనించి సజ్దా చేస్తారు. ఇంకోచోట (6:76-79) ఇబ్రాహీం ప్రవక్త కథ వస్తుంది. ఆయన మొదట నక్షత్రాన్ని, తర్వాత చంద్రుణ్ణి, తర్వాత సూర్యుణ్ణి చూసి ఇదే నా ప్రభువు అంటాడు. నక్షత్రం అస్తమించగానే, అస్తమించేవాటిని నేను ఇష్టపడను అంటాడు; చంద్రుడూ సూర్యుడూ అస్తమించాక వాటినీ వదిలేస్తాడు. నాకు అన్నిటికన్నా గట్టిగా తోచేది 29:61 వాక్యం. సూర్యచంద్రుల్ని అదుపులో పెట్టిందెవరని ఆ విగ్రహారాధకుల్నే అడిగినా అల్లాహ్ అనే చెబుతారని అందులో ఉంది. అంటే ఇస్లాంకు ముందు మక్కావాళ్లకు కూడా అల్లాహ్ వేరు, చంద్రుడు వేరు. అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు ఈ రోజుకీ తమ బైబిల్‌లో దేవుణ్ణి అల్లాహ్ అనే చదువుకుంటారు. వాళ్లనూ చంద్రపూజ చేసేవాళ్ల లెక్కలోనే వేద్దామా?

ఇంకొక్క సంగతి. 632 జనవరిలో ప్రవక్త పసికొడుకు ఇబ్రాహీం చనిపోయిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. బిడ్డ పోయినందుకు ఆకాశం కూడా దుఃఖపడిందని జనం అనుకున్నారు. కొత్త మతానికి అంతకన్నా మంచి ప్రచారం ఏముంటుంది? ఆయన మాత్రం జనాన్ని పోగుచేసి నమాజు చేయించి, సూర్యచంద్రులు అల్లాహ్ నిదర్శనాల్లో రెండు, ఎవరి చావుకీ పుట్టుకకీ వాటికి గ్రహణం పట్టదు అని చెప్పాడు.

"పండుగ ఏ రోజో వాళ్లకే తెలియదు."

అమావాస్య ఘడియ దాటాక సుమారు పదిహేను గంటలైనా గడవందే నెలవంక మామూలు కంటికి ఆనడం కష్టం. పడమటికి వెళ్లేకొద్దీ సూర్యాస్తమయం ఆలస్యమవుతుంది, అప్పటికి చంద్రుడు ఇంకాస్త ముదురుతాడు. అందుకే ఒక దేశంలో కనబడనిది అదే సాయంత్రం ఇంకో దేశంలో కనబడుతుంది. ఇది తొలితరం నుంచీ తెలిసిందే. కురైబ్ అనే ఆయన సిరియాకు పనిమీద వెళ్లి రంజాన్ చివర్లో మదీనాకు తిరిగొచ్చాడు. సిరియాలో రంజాన్ మొదలయ్యే నెలవంకను శుక్రవారం రాత్రే చూశామన్నాడు. మేం శనివారం రాత్రి చూశాం, మా లెక్క ప్రకారమే ముప్పై పూర్తిచేస్తాం, లేదా నెలవంక చూస్తాం అన్నాడు మదీనాలో ఉన్న ప్రవక్త సహచరుడు ఇబ్నె అబ్బాస్. ఇప్పుడు తుర్కియే లాంటి దేశాలు ఖగోళ లెక్కలతో తేదీని ముందే ప్రకటిస్తాయి, మరికొన్ని కంటితో చూస్తేనే ఒప్పుకుంటాయి. ఏటా వాదోపవాదాలు జరుగుతాయి, చివరి నిమిషం దాకా ఇళ్లల్లో టెన్షన్ కూడా ఉంటుంది. అది క్యాలెండర్ తగాదా. పూజకూ దానికీ సంబంధం లేదు.

"కడుపునిండా తినడం తప్ప ఇంకేం లేదు."

తినడం ఉంది, దాచాల్సిన పనేముంది? ఆ రోజు ఉపవాసం ఉండటం నిషేధం కూడా. నమాజుకు బయల్దేరే ముందు ప్రవక్త బేసి సంఖ్యలో ఖర్జూరాలు తిని వెళ్లేవాడు. నెల రోజులుగా ఆ వేళకు నోట్లో ఏమీ పడని మనిషి పొద్దున్నే నాలుగు మెతుకులు తినడమే ఉపవాసాలు ముగిశాయనడానికి గుర్తు. పండుగ ఎందుకో ఖురాన్ చెప్పింది కూడా అంతే సూటిగా ఉంటుంది (2:185): ఉపవాసాల లెక్క పూర్తి చేయడానికి, దారి చూపినందుకు అల్లాహ్‌ను కీర్తించడానికి. నమాజుకు వెళ్లే దారిపొడవునా పలికే తక్బీర్ (అల్లాహు అక్బర్ అనడం) ఆ కీర్తనే. పండుగ నమాజుకు అజాన్ (నమాజుకు పిలుపు) ఉండదు, ప్రసంగం నమాజు అయ్యాక. వెళ్లిన దారిన కాకుండా వేరే దారిన ఇంటికి రావడం ప్రవక్త అలవాటు. ఆడవాళ్లను కూడా రమ్మన్నాడు. నెలసరిలో ఉన్నవాళ్లు సైతం నమాజు వరసలకు కొంచెం దూరంగా ఉండి దుఆలో కలవాలన్నాడు. పైన కప్పుకోవడానికి వస్త్రం లేని ఆమెకు పక్కావిడ తన దాంట్లోంచి ఇవ్వాలి.

వీటన్నిటికన్నా ముందు తీర్చాల్సిన బాకీ ఒకటుంది, ఫిత్రా. పండుగ పూట ఎవరూ చేయి చాచాల్సిన అవసరం రాకుండా పేదవాడి ఇంటికి చేరాల్సిన తిండి. కొలత ఒక సా, అంటే ఆ ప్రాంతం జనం తినే ధాన్యమో ఖర్జూరమో రెండు చేతులూ కలిపి పట్టిన దోసిలితో నాలుగు దోసిళ్లు, రెండున్నర నుంచి మూడు కిలోల దాకా తూగుతుంది. ఇస్లామిక్ న్యాయ సంప్రదాయాల్లో ఒకటైన హనఫీలో గోధుమ అయితే అందులో సగం, ధాన్యానికి బదులు దాని ఖరీదు ఇచ్చినా చెల్లుతుంది. ఇంటి పెద్ద తన ఒక్కడికే కాదు, ఉపవాసం అంటే ఏమిటో తెలియని పసిబిడ్డ పేరున కూడా కొలిచి ఇవ్వాలి. గడువు పండుగ నమాజు దాకానే. ఆ తర్వాత ఇస్తే అది మామూలు దానం కింద పోతుంది, ఫిత్రా కింద జమ కాదు.