ఆ గుండె బొమ్మ ఫార్వర్డు నాకు మళ్లీ పంపకండి

ఈ వారంలో ఇది నాలుగోసారి. టెన్త్ బ్యాచ్ గ్రూపులో ఒకటి, అపార్ట్‌మెంట్ గ్రూపులో రెండు, మా బావమరిది విడిగా ఒకటి. "నువ్వు కన్స్యూమర్ కేసులు చూస్తావుగా బావా, నలుగురికీ పంపు" అట. పైన ఎర్ర గుండె, కింద పాయింట్లు, చివర దండం పెట్టే చేతులు. గుండెపోటును గ్యాస్ అని పంపేసే డాక్టర్లను ఎలా పట్టుకోవాలో చెబుతుందట.

"నొప్పి రాగానే గట్టిగా దగ్గుతూ ఉండండి." దగ్గే ఓపిక ఉంటే ఆ ఓపికతో 108 నొక్కండి. ఇది ఇంతటితో సరి.

"నెలసరి ఆగేదాకా ఆడవాళ్లకు గుండెపోటు రాదు." తక్కువగా వస్తుంది, రాకపోవడం కాదు. షుగర్ ఉంటే ఆ కాస్త రక్షణా పోతుంది. పైగా ఆయాసం, దవడ లాగడం, వీపు నొప్పి అని వచ్చిన ఆడవాళ్లకు "టెన్షన్ పడకమ్మా" అని మాత్ర రాసిచ్చే అలవాటు ఇప్పటికే బోలెడు ఉంది. దానికి మీ ఆజ్యం అక్కర్లేదు.

అసలు మనుషుల్ని చంపేది మూడోది. "ఈనోనో సోడానో తాగండి. తేన్పు వచ్చి తగ్గితే గ్యాస్. అనుమానం తీరకపోతే ఒక్క ఈసీజీ తీయించుకోండి. నార్మల్ వస్తే గుండెపోటు కాదని గ్యారంటీ."

గ్యారంటీ ఇవ్వడానికి అదేమన్నా మిక్సీనా? మామూలు ఈసీజీ అంటే పది సెకన్ల ముచ్చట. రక్తనాళం సగం మూసుకుని, కాస్త తెరుచుకుని, మళ్లీ మూసుకుంటూ ఉంటే ఆ పది సెకన్లలో గీత మామూలుగానే ఉండొచ్చు. గుండె వెనక గోడ దెబ్బతింటే మామూలుగా ఛాతీకి పెట్టే లీడ్లలో, అంటే ఈసీజీ తీగల్లో, సరిగ్గా కనపడదు, వీపు వైపు పెట్టి చూడాలి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పరీక్షా అంతే, నొప్పి మొదలైన వెంటనే పెరగకపోవచ్చు. అందుకే మనిషిని కూర్చోబెట్టి, కాసేపాగి మళ్లీ ఈసీజీ తీస్తారు, కొన్ని గంటలాగి మళ్లీ రక్తం తీస్తారు. కోర్టులో కూడా అడగాల్సింది మొదటి ఈసీజీ ఎందుకు నార్మల్ వచ్చిందని కాదు. రెండోది ఎందుకు తీయలేదని.

నా దగ్గరున్న ఒక ఫైలు చెబుతాను. యాభై రెండేళ్ల కిరాణా వ్యాపారి. రాత్రి తొమ్మిదింటికి పొట్ట పైభాగంలో మంట. సోడా తాగాడు, తేన్పు వచ్చింది, తగ్గిందనుకుని పడుకున్నాడు. మీ ఫార్వర్డు ప్రకారం ఫస్ట్ క్లాస్‌లో పాసయ్యాడు. పదకొండున్నరకు చెమటలు పట్టి నర్సింగ్‌హోంకి వెళ్తే ఈసీజీ తీశారు, "బానే ఉంది, గ్యాసే" అని ఎసిడిటీకిచ్చే పాంటాప్ ఇంజెక్షన్ పొడిచి పన్నెండుంబావుకి ఇంటికి పంపేశారు. తెల్లవారుజామున బాత్‌రూం తలుపు దగ్గర పడిపోయాడు.

ఆయన భార్య నా దగ్గరికి వచ్చేసరికి ఏడాది పది నెలలు. కన్స్యూమర్ కేసు వేయడానికి గడువు రెండేళ్లే. బీరువాలో ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచిన ఈసీజీ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. గులాబీ గళ్లు ఉన్నాయి, గీతలు లేవు. మూలన తేదీలో రెండంకెలు మిగిలాయి. థర్మల్ కాగితం మరి, ప్లాస్టిక్ కవర్లో ఇంకా తొందరగా వెలిసిపోతుంది. ఆ రోజే జిరాక్స్ తీయించుకోండని పది మందికి పంపితే పుణ్యం వచ్చేది. కేసు షీట్, అంటే ఆసుపత్రి రాసుకున్న వైద్యం వివరాల నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యమండలి నియమాల్లో ఉందని కూడా. ఇవి మాత్రం ఆ మెసేజ్‌లో ఉండవు, దండం పెట్టే చేతులుంటాయి.

"స్టేషన్‌కి వెళ్తే అదే రోజు డాక్టర్ అరెస్ట్, కోటి రూపాయల నష్టపరిహారం." అబ్బో. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది: క్రిమినల్ కేసుకి మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, ముందు వేరే డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి, ఊరికే అరెస్టు చేయకూడదు. ఇక కోటి. మన హైదరాబాద్ కిషన్‌రావు కేసు చూడండి. 2002లో మలేరియాకి టైఫాయిడ్ వైద్యం చేశారు, ఆయన భార్య చనిపోయింది. 2010లో సుప్రీంకోర్టు దాకా వెళ్లి నిలబెట్టుకున్నది జిల్లా కన్స్యూమర్ ఫోరం వేసిన రెండు లక్షలు. కోటిలో మిగతా తొంభై ఎనిమిది లక్షలు ఫార్వర్డు రాసినాయన్ని అడగండి.

చివరి పాయింటు: "డాక్టర్లంతా ఒకటే, ఒకరి మీద ఒకరు నోరు విప్పరు." దీన్నీ ఉతికి ఆరేద్దామనే కూర్చున్నాను. కానీ చేతకావడం లేదు. ప్రతి కేసుకీ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని ఆ కిషన్‌రావు తీర్పే చెప్పింది. అయినా గుండె కేసనగానే కన్స్యూమర్ కమిషన్‌లో మొదట అడిగేది అదే. ఆ కిరాణా ఆయన కేసు షీట్ జిరాక్స్ పట్టుకుని మా ఊళ్లో నలుగురు కార్డియాలజిస్టుల దగ్గరికి తిరిగాను. ఉన్నది రెండు లైన్లు: ఈసీజీ నార్మల్, రేపు ఓపీకి రావాలి. నలుగురూ ఒకటే మాట, రెండోసారి తీయాల్సిందేనని. లెటర్‌హెడ్ మీద రాసివ్వమంటే ఒకాయనకి క్యాంపు, ఒకాయనకి పెళ్లి, మూడో ఆయన ఫోనే ఎత్తలేదు. నాలుగో ఆయన టీ తెప్పించి, ఆ కాగితాన్ని బోర్లా తిప్పి నా వైపు జరిపాడు.

"నేను ఇది చూడలేదనుకోండి లాయరుగారూ."