నిజం చెప్పే శ్రోతల్ని అదుపు చేసేదెవరు?

ఇంట్లో కూర్చుని పాట కట్టి, పాడి, రికార్డు చేసి పంపినవాళ్లకు ఉన్నది ఉన్నట్టు అభిప్రాయం చెప్పే దురలవాటు ఈమధ్య కొందరిలో కనిపిస్తోంది. వీళ్లు లెక్కకు తక్కువే గానీ చేసే నష్టం తక్కువేం కాదు. ప్రభుత్వాలు, కుటుంబ పెద్దలు, అపార్ట్‌మెంట్ సంఘాలు వెంటనే మేలుకోకపోతే, మనం ఇన్నేళ్లుగా జాగ్రత్తగా కాపాడుకుంటున్న ఒక చక్కటి ఏర్పాటు కూలిపోతుంది.

ఆ ఏర్పాటు తెలియనివాళ్లుండరు. కుర్రాడు తన పాటను వాట్సాప్‌లో పెడతాడు. పాట నిడివి నాలుగు నిమిషాలు. నిమిషం తిరక్కుండానే మూడు మంట బొమ్మలు, "కేక మామా" అని ఒక మెసేజ్ వచ్చేస్తాయి. మిగతా మూడు నిమిషాలు ఎప్పుడు విన్నావని కుర్రాడు అడగడు. వినలేదని వీళ్లు చెప్పరు. పిన్ని "సూపర్ కన్నా, అమ్మకు ఒకసారి ఫోన్ చెయ్యి" అంటుంది. ఆఫీసు గ్రూపులో టీమ్ లీడ్ తాను పాడిన పాట పెడితే, అప్రైజల్ నెలలో ఆ పాట అద్భుతంగా ఉంటుంది, మిగతా నెలల్లో బాగుంటుంది. ఇందులో ఎవరికి నష్టం? పాడినవాడు ఆనందంగా నిద్రపోతాడు. విననివాడు ఇంకా ఆనందంగా నిద్రపోతాడు.

మన పెద్దలు ఇచ్చే అభిప్రాయాల్లో అత్యున్నతమైనది "ఏ సినిమాలోది?" అనే ప్రశ్న. తెలుగునాట పాట అంటే సినిమాలోంచే రావాలి. సొంతంగా రాసుకున్నానంటే, "అంటే ఏ సినిమా కోసం?" అని మళ్లీ అడుగుతారు. అవమానం అనుకోవద్దు. మీ పాట వెనక ఒక నిర్మాత డబ్బు ఖర్చుపెట్టి ఉంటాడని వాళ్లు నమ్మారు. హాస్టల్ గదిలో, మంచం మీద కూర్చుని, ఫ్యాన్ ఆపి చెమటలు కక్కుతూ చేసిన పాటకు అంతకన్నా ఏం కావాలి? ఆ తర్వాత పెదనాన్నగారు "ఎంతైనా ఘంటసాలగారి రోజులు వేరు నాన్నా" అంటారు. అది మీ మీద విమర్శ కాదు. 1974 తర్వాత పాడిన ప్రతి ఒక్కరి మీదా ఆయనకు అదే అభిప్రాయం.

ఇలా సాఫీగా సాగుతున్న వ్యవహారంలోకి ఒకడు దూరాడు. ఎవరో ఎందుకులెండి, ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. స్నేహితుడు పంపిన పాటను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. విని ఇలా రాశాడు: "ఒకటో నిమిషం 12వ సెకను దగ్గర కోరస్ మొదలవగానే నీ గొంతు డ్రమ్స్ కింద పడిపోయింది. 'ప్రేమ' అన్నచోటల్లా మైకులో గాలి కొట్టింది. రెండో చరణంలో స, శ చెవిలో గుచ్చుతున్నాయి. పల్లవి ట్యూన్ బాగుంది, కానీ దాని దగ్గరికి రావడానికి ఇంత ఇంట్రో ఎందుకు?"

ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు. నేరం తీవ్రత అక్కడే ఉంది.

అడిగితే, "వాడే కదా నిర్మొహమాటంగా చెప్పమన్నాడు" అని సమర్థించుకున్నాడట. చదువుకున్నవాడు అనాల్సిన మాటేనా? "నిజం చెప్పు బ్రో, ఏమీ అనుకోను" అంటే ఏం చెప్పకూడదో మన దగ్గర పదో తరగతి పిల్లలకు కూడా తెలుసు. పెళ్లివారింట్లో "ఇంకో గారె వెయ్యమంటారా" అని అడిగినట్టే అదీ. జవాబుతో దానికి సంబంధం లేదు.

పైగా వాడు పట్టిన తప్పులు చూడండి. ప అనేటప్పుడు పెదవులు విడివడి గాలి ఒక్కసారిగా బయటికొస్తుంది, ఎదురుగా మైకు ఉంటే 'దబ్'మంటుంది. నిజమే. కానీ తెలుగు ప్రేమపాట సంపదంతా అక్కడే ఉంది: ప్రేమ, ప్రియ, ప్రాణం, పిల్ల, పెదవి, పరువం. వీటిని తీసేస్తే పాటలో మిగిలేది "ఓ ఓ ఓ" ఒక్కటే. (ఆ రకం పాటలూ వస్తున్నాయి.) మైకు ముందు పాప్ ఫిల్టర్ (ఆ గాలిని ఆపే పల్చటి తెర) పెట్టుకోమనో, మైకును కాస్త పక్కకు తిప్పి పాడమనో సలహా ఇచ్చాడట. దాంతో రెండు రోజుల్లో ఆ లోపం పోయింది. దీనివల్ల దేశానికి జరిగిన నష్టం ఎవరైనా లెక్క వేశారా?

"బాగుంది" అనే మాట మీద ఒక ఆర్థిక వ్యవస్థ నిలబడి ఉందని మనం మరిచిపోతున్నాం. అందరూ బాగుందన్నా, తన పాట స్టూడియో పాటలా లేదని కుర్రాడికి లోపల తెలుస్తూనే ఉంటుంది. లోపం ఎక్కడుందో ఎవరూ చెప్పరు కాబట్టి, అది మైకులో ఉందని తేల్చుకుంటాడు. కండెన్సర్ మైకు కొంటాడు. దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగలోంచే అందే కరెంటు) కావాలి, కాబట్టి ఆ కరెంటిచ్చి మైకును కంప్యూటర్‌కు కలిపే ఆడియో ఇంటర్‌ఫేస్ కొంటాడు. కొత్త మైకు చాలా సూక్ష్మగ్రాహి. కుక్కర్ విజిల్, పక్కింటి సీరియల్, వీధిలో చెత్త బండి పాట, అన్నిటినీ సమానంగా గౌరవిస్తుంది. అప్పుడు గోడలకు ఫోమ్ అంటిస్తాడు. పల్చటి ఫోమ్ సన్నటి శబ్దాలనే మింగుతుంది, గది బొంయ్‌మనడం మాత్రం అలాగే ఉంటుంది. అప్పుడు గొంతు, వాయిద్యాల పాళ్లు కుదిర్చే మిక్సింగ్ కోర్సులో చేరతాడు. ప్రతి మెట్టు మీదా జీఎస్టీ. మొదటి రోజే ఎవడైనా "వెనక బొంత కట్టి, మైకుకు కాస్త దగ్గరగా జరిగి పాడరా" అనేస్తే ఇంత వ్యాపారం ఏమైపోవాలి?

అభిప్రాయాల్లో పొంతన ఉండాలన్న పట్టుదల కూడా మంచిది కాదు. నాన్న వంట చేసుకుంటూ ఫోన్ స్పీకర్ మీద విని "బేస్ లేదు" అంటాడు. వేలెడంత స్పీకర్‌లోంచి బేస్ రావడం భౌతికశాస్త్రం ఒప్పుకోదు, కానీ నాన్నతో భౌతికశాస్త్రం ఎందుకు? కుర్రాడు బేస్ పెంచుతాడు. డాలస్‌లో ఉన్న బావ అదే పాటను కారులో పెట్టుకుని, డోర్లు అదిరిపోతున్నాయని ఫోన్ చేస్తాడు. కుర్రాడు తగ్గిస్తాడు. 'ఫైనల్', 'ఫైనల్ న్యూ', 'ఇదే ఫైనల్' అని ఫైళ్లు పెరుగుతాయి. ఇంటిల్లిపాదికీ భాగం ఉన్న పాట తయారవుతుంది, వినేవాళ్లు ఉంటారా లేదా అన్నది వేరే విషయం.

నిజాయితీకి చివరికి పట్టే గతి చూడాలంటే యమహా ఎన్‌ఎస్-10 చరిత్ర చాలు. 1978లో ఇళ్ల కోసం వచ్చిన స్పీకర్లు అవి. ఇళ్లలో ఎవరూ పెద్దగా మెచ్చుకోలేదు. స్టూడియోల్లో మాత్రం తెల్ల కోన్లతో (శబ్దం పుట్టించే గరాటులు) సౌండ్ మిక్సర్ల మీద తిష్ట వేశాయి. పాటను అందంగా వినిపించినందుకు కాదు, మిక్స్‌లోని తప్పుల్ని దాచకుండా బయటపెట్టినందుకు. 2001లో తయారీ ఆపేశారు. కోన్‌కు కావాల్సిన చెక్క గుజ్జు దొరక్క అన్నారు. నాకైతే ఎవరో గాయకుడి బంధువుల మీద అనుమానం.

పాత రోజుల అనాగరికత గురించి చెప్పనక్కర్లేదు. పద్యనాటకంలో రాగం నచ్చితే జనం "వన్స్ మోర్" అని అరిచేవాళ్లు. చనిపోయి పడివున్న పాత్ర కూడా లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చనిపోవాల్సి వచ్చేదని చెప్పుకుంటారు. నచ్చకపోతే ఈలలు, పిల్లికూతలు. ఆకాశవాణి మరీ ఘోరం. ఆడిషన్ పెట్టి బి, బి హై, ఎ, టాప్ అని గ్రేడులు. గ్రేడు రానివాళ్లకు మంట బొమ్మ అయినా ఇచ్చేవాళ్లు కాదు.

మనుషుల్ని దారిలో పెట్టగలం. యంత్రాల సంగతే దిగులుగా ఉంది. 1997లో గొంతులో శృతి సరిచేసే ఆటోట్యూన్ సాఫ్ట్‌వేర్ తెచ్చిన ఆండీ హిల్డెబ్రాండ్, అంతకుముందు భూమి పొరల్లో చమురు జాడ పట్టడానికి శబ్ద తరంగాల లెక్కలు కట్టినవాడు. చమురు ఎక్కడో ఒకచోట ఉంటుంది. మనవాళ్ల గొంతులో శృతి కోసం ఆ సాఫ్ట్‌వేర్ పడే అవస్థ చూస్తే జాలేస్తుంది. అయినా అది మర్యాదస్తురాలు, అడక్కుండానే సర్దేస్తుంది, బయటికి ఒక్కమాట చెప్పదు.

యూట్యూబ్‌కు ఆ పాటి సంస్కారం లేదు. జనం ఏ సెకను దగ్గర లేచిపోయారో గీత గీసి మరీ పాడినవాడి చేతిలో పెడుతుంది. "మొత్తం విన్నాను, కళ్లలో నీళ్లు తిరిగాయి" అని మేనత్త రాసిన పూటే ఆ గీత ఇంట్రో దాటకుండా నేలకు దిగిపోతుంది. స్పాటిఫై 30 సెకన్లు వింటే తప్ప విన్నట్టు లెక్క వెయ్యదు. 2024 నుంచి, గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినపడని పాటకు రాయల్టీయే లేదంటోంది. రెండు వైపుల బంధువులూ కలిసి "సూపర్" అన్న పాటకు ఒక కంపెనీ సర్వర్ ఎదురు చెప్పడమేమిటి?

కాబట్టి కొన్ని నిబంధనలు తప్పవు. పాట అందిన పది సెకన్లలోపు మెచ్చుకోవడం తప్పనిసరి చేయాలి, విన్నాక అంటే ఆలస్యమైపోతుంది. అభిప్రాయంలో నిమిషాలు, సెకన్లు రాయడం నిషేధించాలి. "గొంతు కాస్త పెంచు" అనాలనిపిస్తే దానికి ముందు ఐదు పొగడ్తలు, వెనక ఐదు పొగడ్తలు ఉండాలి, మధ్యలో ఆ మాట కనపడకూడదు. హెడ్‌ఫోన్స్‌తో విన్నట్టు రుజువైతే మొదటిసారి హెచ్చరించి వదిలేయవచ్చు. రెండోసారి పట్టుబడినవాణ్ణి ఒక గదిలో కూర్చోబెట్టి, అదే పాట మిక్స్ చేయకముందు ఉన్న 32 ట్రాకులూ, తాళం కోసం టిక్ టిక్‌మనే క్లిక్ ట్రాక్‌తో సహా, విడివిడిగా వినిపించాలి. అవన్నీ శ్రద్ధగా విని, పదిహేడో ట్రాకులో హైహ్యాట్ (డ్రమ్స్‌లోని జంట తాళాలు) ఒక్క పిసరు ముందు పడుతోందని అన్నాడంటే మాత్రం, ఇక పాస్‌పోర్టు లాక్కోవడమే.