కలివి పొదకూ ఓ గోడ

జూన్ 5, ప్రపంచ పర్యావరణ దినం వస్తోందంటే బడుల్లో చిత్రలేఖనం పోటీల హడావుడి. కన్నీళ్లు కార్చే భూగోళం, రెండు పచ్చటి కొండలు, ఓ పెద్దపులి, కింద ‘చెట్లు నాటండి’. నెల్లూరులో గీసినా, ఢిల్లీలో గీసినా అదే బొమ్మ. పిల్లల్ని అని లాభం లేదు. నెల్లూరు జిల్లా ఉదయగిరి కొండల కింద పరుచుకున్న ముళ్లపొదల నేలను పెద్దలమే బీడు అంటున్నాం, ఖాళీ జాగా అంటున్నాం.

కలివికోడి బతికేది అలాంటి నేలలోనే. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన ఇంగ్లిషు దొర జెర్డన్ పేరుతో 1848లో ఈ పక్షి శాస్త్రలోకానికి తెలిసింది. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోయేసరికి అంతరించిందనే అనుకున్నారు. 1986లో పొరుగున కడప జిల్లాలో మళ్లీ దొరికింది. పగలు దాక్కుని, చీకటి పడ్డాక తిరుగుతుంది. పొదలు మరీ దట్టంగా ఉన్నా ఉండదు, మరీ పలచబడినా ఉండదు. అక్కడ వరుసలుగా జామాయిల్ పెంచి పచ్చదనం తెచ్చామని మురిసిపోతే దాని ఇల్లు పోయినట్టే. మన పోస్టర్లు ఈ ముక్క ఎప్పుడూ చెప్పలేదు.

జెర్డన్ పక్షుల బొమ్మలు మన దేశపు చిత్రకారులతో వేయించాడు. నెల్లూరులో ఉండగా యానాదులను అడిగి జంతువుల సంగతులు తెలుసుకున్నాడు. దొర పద్ధతే నయం! ఇప్పుడు గోడల మీద బొమ్మలకు టెండర్లు పిలిచేవాళ్లు నెట్‌లో దొరికిన ఫొటో ఇచ్చి, దీన్ని దించేయమంటున్నారు. యానాది పెద్దను ఒక్కపూట వెంటబెట్టుకుని చిత్రకారుణ్ని పొదల్లోకి పంపడానికి ఎంత ఖర్చవుతుంది? ఆ పెద్దకు కూలీ కాదు, నిపుణుడికి ఇచ్చే పారితోషికమే ఇవ్వాలి.

ఉదయగిరి చెక్క గరిటెలకు వాడే కర్రల్లో నర్దితో పాటు కలివి కూడా ఉంది. ఆ గరిటెలు చెక్కే చేతులతోనే కలివికోడి బొమ్మలు చెక్కించి, పోటీల్లో గెలిచిన పిల్లలకు బహుమతిగా ఇస్తే బాగుంటుందని ఎవరికైనా తోస్తుంది. మాకూ తోచింది. కానీ అందుకోసం పొదలు నరికితే, పక్షి బొమ్మ అల్మరాలో ఉంటుంది, పక్షి ఉండదు. అటవీ శాఖ ముందు కలివి, నర్ది మొక్కలను నర్సరీల్లో పెంచి, కళాకారుల కోసం విడిగా తోటలు వేయించాలి. అవి కర్రకు వచ్చేదాకా గెలిచిన పిల్లలకు రంగుల పెట్టెలే ఇద్దాం.