సవరణ: థాయ్ రోగుల మోకాలి ఇంప్లాంట్ సైజు గురించి

థాయ్ రోగుల్లో పాక్షిక మోకాలి మార్పిడికి ఎత్తు, ఆడా మగా చూసి ఆక్స్‌ఫర్డ్ ఇంప్లాంట్ (మోకాల్లో అరిగిన ఒకవైపు భాగంలో మాత్రమే అమర్చే కృత్రిమ కీలు) సైజులన్నీ తేల్చేయొచ్చని మొన్న రాశాను. అది తప్పు. ఆ లెక్క తొడ ఎముక భాగానికే, అదీ అంచనాగానే. కింది ప్లేటు, అంటే కాలి ఎముక పైభాగాన కూర్చునే ముక్క సైజు ఆపరేషన్‌లోనే తేలుతుంది: కోసి తీసిన ఎముక ముక్కను తిరగేసి, దాని మీద రెండో కాలికి వాడే టెంప్లేట్ (సైజు కొలిచే నమూనా) పెట్టి చూస్తారు.

'అనుమానముంటే పెద్దదే వేయాలి' అన్న మాటా వెనక్కి తీసుకుంటున్నాను. ప్లేటు లోపలివైపు ఎముక అంచు దాటి 3 మిల్లీమీటర్లు, ఆపైన బయటికొస్తే పక్కనున్న మెత్తని కణజాలానికి, లిగమెంటుకు (ఎముకలను కలిపి ఉంచే పట్టీకి) ఒరుసుకుని నొప్పి పెట్టొచ్చు. మరీ చిన్నదైతే ఎముకలోకి దిగబడొచ్చు. చిన్న ఎముకలున్న థాయ్ మహిళల్లో ఒక్క మిల్లీమీటరైనా లెక్కే. అందుకే అతి చిన్న సైజులు కూడా ముందే తెప్పించి పెట్టుకోవాలి. పాత పోస్టు దాచుకున్నవాళ్లు దయచేసి తీసేయండి.