గొంతు ఆమెది, గిటార్ అతనిది

జిప్సీ జాజ్‌ను ఫ్రాన్స్‌లో 'జాజ్ మనూష్' అంటారు. మనూష్ అంటే మనిషే. బయటివాళ్లు జిప్సీలని పిలిచే రోమాల పూర్వీకులు దాదాపు వెయ్యేళ్ల కిందట భారతదేశం నుంచి వెంట పట్టుకెళ్లిన మాటల్లో అదొకటి, మన 'మనుష్యుడు'కి దగ్గరి చుట్టం. పేరులోనే మనిషి ఉన్న ఈ సంగీతంలో ఆడమనిషి మాత్రం వెతికితే తప్ప కనిపించదు. కనిపించినా మైకు ముందే తప్ప గిటార్ పట్టుకుని కాదు.

జాజ్‌లో ఆడవాళ్లకూ మైనారిటీలకూ చోటివ్వాలన్న మాట ఐరోపాలో ఇప్పుడు కొత్త కాదు. 2017లో బ్రిటన్‌లో మొదలైన 'కీచేంజ్' ఉద్యమం, వేదిక మీద సగం చోటు ఆడవాళ్లకు ఇస్తామని సంగీతోత్సవాల చేత మాట తీసుకుంది. మంచిదే. కానీ రోమా అమ్మాయి విషయంలో ఆ లెక్క చాలా ఆలస్యంగా మొదలవుతోందని నా అభిప్రాయం. ఆమె వాద్యకారిణి అవుతుందా కాదా అన్నది ఉత్సవ కమిటీ గదిలో తేలే విషయం కాదు. అంతకు పదేళ్ల ముందే ఇంట్లో తేలిపోతుంది.

ఎలాగంటే, 1934లో పారిస్‌లో రోమా గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్, వయొలినిస్టు స్టెఫాన్ గ్రాపెల్లీ మొదలుపెట్టిన క్వింటెట్‌లో, అంటే ఐదుగురి బృందంలో, డ్రమ్స్ లేవు. ఒక వయొలిన్, ఒక బేస్, మూడు గిటార్లు. జాంగో సోలో వాయిస్తుంటే తమ్ముడు జోసెఫ్, రోజర్ షాపూ మిగతా రెండు గిటార్లతో డ్రమ్స్ పని చేసేవారు. ఆ వాయింపును 'లా పోంప్' అంటారు. అచ్చంగా మన పంపే. మణికట్టు వదులుగా పెట్టి మొదటి దెబ్బకు కింది స్వరాల తీగల్ని తేలిగ్గా తాకాలి. రెండో దెబ్బకు తీగలన్నిటినీ ఒక్కసారి చరచాలి. ఆ మోత సాగకముందే ఎడమచేతి వేళ్లు సడలించి తుంచెయ్యాలి. చూస్తే ఇందులో ఏముందిలే అనిపిస్తుంది. గంటసేపు వేగం తగ్గకుండా వాయిస్తే ఏముందో భుజమే చెబుతుంది.

ఫ్రాన్స్‌లో మనూష్ అని పిలుచుకునే రోమా కుటుంబాల్లో పిల్లవాడి చదువు ఈ పంపుతోనే మొదలు. నొటేషన్ ఉండదు. తండ్రో మేనమామో సోలో వాయిస్తుంటే పక్కన కూర్చుని ఏళ్ల తరబడి పంపు కొట్టాలి. పాటలు, మలుపులు, ఎక్కడ ఆగాలో ఎక్కడ ఎగరాలో అన్నీ చెవిన పడేది ఆ కుర్చీలోనే. ఆ కుర్చీ దాదాపు ఎప్పుడూ కొడుకుకే దక్కింది. 1928లో కాపురముంటున్న బండికి నిప్పంటుకుని జాంగో ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయిన కథ జాజ్ అభిమానులందరికీ కంఠతా వచ్చు. ఆ మంటను ఎగదోసినవి భార్య బెల్లా అమ్మకానికి చేసి పెట్టిన సెల్యులాయిడ్ పూలన్నది ఎందరికి గుర్తుంటుంది? ఆ ఇంట్లో ఆడమనిషి చేతికి పూలపని, మగవాడి చేతికి తీగ.

ఇది రోమాల ఆచారం, మనమేం చేస్తాం అనేవాళ్లకు పన్నా సింకా పేరు చెప్పాలి. 18వ శతాబ్దపు హంగేరీలో వయొలిన్‌తో సొంత బృందాన్ని నడిపిన రోమా స్త్రీ ఆమె. తాత వయొలిన్ విద్వాంసుడు. ఊరి జమీందారు ఆమెకు సంగీతం చెప్పించాడు. పెళ్లయ్యాక అత్తింటి మగవాళ్లే ఆమె వెనక వాయించారు. అంటే ఆచారం కన్నా ముందు చూడాల్సింది చెప్పించే దిక్కు ఉందా లేదా అన్నది.

గొంతుకైతే ఇంత కష్టం లేదు. మాసిడోనియా గాయని ఎస్మా రెడ్జెపోవాకు 1976లో మన చండీగఢ్‌లోనే రోమా సంగీతానికి మహారాణి అని బిరుదిచ్చారు. హంగేరీకి చెందిన మోనికా లకాటోష్ 2020లో ప్రపంచ సంగీత మేళా వోమెక్స్ పురస్కారం అందుకుంది. ఆమె సంప్రదాయంలో పాలక్యానూ చెంచాలే తాళవాద్యాలు. ఇద్దరూ గొప్పవాళ్లే, కానీ ఇద్దరూ గాయనులే. ఏప్రిల్ 8న అంతర్జాతీయ రోమా దినానికి వేదిక ఇచ్చే నిర్వాహకులు కూడా రంగుల పరికిణీలో పాడే గొంతునే వెతుకుతారు.

పాట విషయంలోనూ నిర్వాహకులు ఒకటి గమనించరు. బెర్లిన్ జాజ్ గాయని డాచి రైన్‌హార్ట్ సింతీ మనిషి (సింతీలు రోమాల్లో ఒక శాఖ), జాంగో బంధువర్గం. సింతీలు చాలామంది తమ భాషను బయటివాళ్ల ముందు పెట్టడానికి ఇష్టపడరు. నాజీల కాలంలో ఎవా యుస్టిన్ అనే 'పరిశోధకురాలు' ఆ భాష నేర్చుకుని, నమ్మకం సంపాదించి, వంశవృక్షాలు రాబట్టింది. ఆ పట్టికలు మరణశిబిరాలకు దారి చూపాయి. ఇంత జరిగాక ఆ భాషలో పాడడమా మానడమా అన్నది గాయని తేల్చుకోవాలి. ప్రోత్సాహం పేరుతో 'మీ భాషలో ఒకటి అందుకోండి' అని అడగడం మర్యాద కాదు.

మనకూ ఈ సంగతి కొత్తేమీ కాదు. పేరున్న మృదంగ విద్వాంసులు ఆడవాళ్ల కచేరీకి పక్కవాద్యం వాయించడానికి ఒప్పుకోని రోజులున్నాయి. అటువంటి లోకంలో ఏలూరు నిడుమోలు వారి అమ్మాయి సుమతి మృదంగమే పట్టింది. 2021లో పద్మశ్రీ అందుకుంది. ఇంట్లో నేర్పే తండ్రి ఉండబట్టి.

మరి నేర్పే తండ్రి లేని పిల్ల మాటేమిటి? దానికి జవాబు అమెరికాలో 1930ల్లోనే దొరికింది. మిసిసిపీలో పైనీ వుడ్స్ అనే బడి, పేద నల్లజాతి పిల్లల కోసం పెట్టింది. ఆ బడి 1937లో ఆడపిల్లలతో ఒక బిగ్ బ్యాండ్, అంటే పెద్ద జాజ్ బృందం, కట్టింది, 'ఇంటర్నేషనల్ స్వీట్‌హార్ట్స్ ఆఫ్ రిథమ్'. ట్రంపెట్, ట్రాంబోన్, డ్రమ్స్, బేస్, ప్రతి కుర్చీలోనూ అమ్మాయే. వర్ణవివక్ష వల్ల దక్షిణాది హోటళ్లలో గది దొరక్క బస్సులోనే తిని, బస్సులోనే పడుకునేవారు. తర్వాత బ్యాండ్‌లో చేరిన తెల్లమ్మాయిలు పోలీసుల కంట పడకుండా ముఖానికి ముదురు రంగు పూసుకునేవారు. వాళ్లను వాద్యకారిణులను చేసింది ఒక రాత్రి వేదిక కాదు. బడి వాద్యాలిచ్చింది, నేర్పే మనిషినిచ్చింది, ఊరూరా తిప్పే బస్సిచ్చింది.

రోమా అమ్మాయిల కోసం నిధులు కేటాయించే సంస్థలు పోస్టర్ల ఖర్చులో సగం తగ్గించుకుని ఆ మూడింటి మీద పెట్టినా చాలు. పన్నెండేళ్ల పిల్లకు సొంత గిటార్, వారానికి రెండుసార్లు ఎదురుగా కూర్చుని పంపు కొట్టించే గురువు, రాత్రి పదకొండుకు మొదలయ్యే జామ్ (అందరూ కలిసి అప్పటికప్పుడు వాయించే కూటమి) అయ్యాక ఇంటి దగ్గర దింపే బండి.