జనానికి జరిమానా, జడ్జీల లెక్కలో పన్ను

2012 జూన్ 28, గురువారం అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఒబామా ఆరోగ్య చట్టాన్ని, అంటే ఆరోగ్య ఇన్సూరెన్స్ కొనాలి, కొనకపోతే జరిమానా కట్టాలి అన్న చట్టాన్ని నిలబెట్టింది. నిలబెట్టిన తీరే మాకు మింగుడుపడటం లేదు. ఇన్సూరెన్స్ కొని తీరాలని ఆదేశించే అధికారం అమెరికా పార్లమెంటయిన కాంగ్రెస్‌కు లేదని చీఫ్ జస్టిస్ జాన్ రాబర్ట్స్ స్పష్టంగానే రాశారు. వాణిజ్యాన్ని నియంత్రించవచ్చు గానీ, ఏ బేరం జోలికీ పోకుండా ఇంట్లో కూర్చున్న మనిషిని బజారుకు ఈడ్చుకొచ్చి కొనిపించడం కుదరదన్నారు. అంతవరకే చూసి సీఎన్ఎన్, ఫాక్స్ న్యూస్ టీవీ ఛానళ్లు హడావుడిగా ఆ నిబంధన పోయిందని చెప్పేశాయి. ఇంకొన్ని పేజీలు తిప్పితే కథ మారిపోయింది. కొనని వాళ్లు కట్టే సొమ్మును పన్నుగా చూడొచ్చు, పన్ను వేసే అధికారం కాంగ్రెస్‌కు ఉంది, కాబట్టి చెల్లుతుంది అని తేల్చారు.

పన్ను అని ఎవరు చెప్పారు? 2009 సెప్టెంబర్‌లో టీవీ ఇంటర్వ్యూలో ఇది పన్ను పెంపే కదా అని అడిగితే ఒబామా గట్టిగా కాదన్నారు. కాంగ్రెస్ పన్ను అని రాయలేదు. చట్టంలో 18 సార్లు పెనాల్టీ అనే ఉందని విభేదించిన నలుగురు జడ్జీలు లెక్కపెట్టి మరీ చూపించారు. 2012 మార్చి 26న ప్రభుత్వం తరఫు లాయరు, సొలిసిటర్ జనరల్ డొనాల్డ్ వెరిల్లీ ఇది పన్ను కాదని వాదిస్తుంటే, రేపు వచ్చి పన్నే అని వాదిస్తారు కదా అని జస్టిస్ అలిటో అక్కడే అడిగారు. మర్నాడు అదే జరిగింది. ఓటరు ముందు ఒక మాట, బెంచి ముందు ఇంకో మాట. ఏ ఎండకా గొడుగు పట్టే ప్రభుత్వాన్ని కోర్టు నిలదీయాల్సింది పోయి, తనూ అదే పని చేసింది. వసూలుకు ముందే పన్నును ఆపమని కోర్టుకెక్కడానికి వీల్లేదని 1867 నాటి చట్టం ఒకటుంది. ఆ చట్టం వరకు ఇది పన్ను కాదు, అందుకే కేసు వింటామన్నారు. రాజ్యాంగం దగ్గరికి వచ్చేసరికి అదే సొమ్ము పన్ను అయింది. రెండూ ఒకే తీర్పులో ఉన్నాయి.

అందరికీ వైద్యం అందాలన్న ఉద్దేశం మంచిదే. ఇన్సూరెన్స్ లేనివాళ్లు ఎమర్జెన్సీకి వస్తే ఆ బిల్లు చివరికి మిగతావాళ్ల నెత్తినే పడుతుందన్నదీ నిజమే. మా గొడవ దాంతో కాదు, దారితో.

ఈ సొమ్ము శిక్ష ఎందుకు కాదో రాబర్ట్స్ చెప్పిన కారణాలు చూడండి. 2016లో ఏడాదికి 35,000 డాలర్లు సంపాదించే మనిషికి నెలకు పడేది 60 డాలర్ల దాకా, అదే పాలసీ కొనాలంటే సుమారు 400. వసూలు చేసేది పన్నుల శాఖ ఐఆర్ఎస్, కట్టకపోతే జైలు లేదు. అంటే చిన్న మొత్తం కాబట్టి పన్ను. మరి ఎంతకు పెరిగితే శిక్ష అవుతుంది? అది ఇప్పుడు తేల్చాల్సిన అవసరం లేదని వదిలేశారు! ఇదే కోర్టు 1922లో బాలకార్మికులను పనిలో పెట్టుకున్న కంపెనీల లాభాల మీద వేసిన 10 శాతం పన్నును, పేరుకే పన్ను, నిజానికి శిక్ష అని కొట్టేసింది. పిల్లలను కాపాడే చట్టాన్ని సైతం హద్దు దాటిందని ఆపిన కోర్టు, ఈసారి ఆ హద్దు ఎక్కడుందో చెప్పకుండానే సంతకం చేసింది.

మా భయమంతా ఇక్కడే. కొనమని ఆదేశించకూడదు, కొనకపోతే పన్ను వేయొచ్చు అన్నాక, రేపు ఇంకో ప్రభుత్వం ఇంకో వస్తువు పేరు చెబుతుంది. అప్పుడు ఆ పార్టీ ఇష్టం ఈ పార్టీకి నచ్చకపోవచ్చు, కానీ దారి వేసింది మాత్రం వీళ్లే. గెలిచామని ఆ వారం సంబరపడినవాళ్లు అధికారం చేతులు మారే రోజును ఒక్కసారి ఊహించుకోవాల్సింది.

అమెరికాలోని మన తెలుగు కుటుంబాల్లో చాలామందికి కంపెనీ ఇన్సూరెన్స్ ఉంటుంది, వాళ్లకు ఈ దెబ్బ తగలలేదు. ప్రాజెక్టు పోయి బెంచ్ మీద ఉన్న కుర్రాడికి మూడు నెలల లోపు మినహాయింపు ఉండేది, అది దాటితే 2014 నుంచి 2018 దాకా ఆ లెక్క పన్ను రిటర్న్‌లోకి ఎక్కేది. ఇక్కడ ఆరోగ్యశ్రీకి ఖజానా నుంచే డబ్బు కడుతున్నారు. ఆ పథకంలో లోపాలుంటే ఉండొచ్చు, డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం దాచలేదు. వైద్యం కోసం పన్ను వేయాలనుకుంటే ఒబామా కూడా ఆ మాటే చెప్పి వేయాల్సింది, ఓట్లు పోతాయని భయపడ్డారు.

ఒబామాకు ప్రతిపక్షమైన రిపబ్లికన్ల ఆవేశం చూస్తే ఇంకా ఒళ్లు మండుతుంది. మసాచుసెట్స్ గవర్నర్‌గా 2006లో ఇదే షరతు, ఇదే జరిమానా తెచ్చిన మిట్ రామ్నీ, 2012లో ఒబామా మీద ఆ పార్టీ అభ్యర్థిగా, స్వేచ్ఛ గురించి ఉపన్యాసాలు ఇచ్చారు. రాష్ట్రం చేస్తే వేరు, కేంద్రం చేస్తే వేరు అన్నారు. జేబులోంచి డబ్బు తీసేవాడికి ఆ తేడా ఏం తెలుస్తుంది?

2012 నవంబర్‌లో ఒబామా మళ్లీ ఓటు అడిగారు. ఈ చట్టం పన్ను అన్న ఒక్క మాట మీదే బతికి బట్టకట్టింది. కోర్టులో ఆ మాటతో గెలిచిన అధ్యక్షుడు ప్రచార సభలో మళ్లీ పన్ను కాదంటే కుదరదు. పన్నే వేశాను, ఇందుకు వేశాను అని మైకు ముందు చెప్పి అప్పుడు ఓటు అడగాల్సింది.