మూలాపేటలో పాత ఇల్లు: అంకణాల లెక్క, సంతకాల లెక్క

నెల్లూరులో ఇంటి స్థలాన్ని ఇప్పటికీ అంకణాల్లోనే బేరమాడతారు. ఇక్కడ అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే 8 గజాలు. తిరుపతి వైపు వెళ్తే అదే మాటకు 36 అడుగులే. ఈ కొలత పుట్టింది ఇంట్లో. రెండు దూలాల మధ్య జాగాను అంకణం అనేవారు. మూడంకణాల ఇల్లు అంటే చాలు, ఆ ఇంటి సైజుతో పాటు ఇంటివాళ్ళ స్తోమత కూడా తెలిసిపోయేది. దూలాలు పోయినా మాట మిగిలింది. మూలాపేటలో పాత ఇల్లు చూపించే బ్రోకరు ఇన్ని అంకణాలు, అంకణం ఇంత అంటాడు. వాటి మీద నిలబడి ఉన్న ఇంటికి అతని లెక్కలో విలువ సున్నా. ఒక్కోసారి అంతకన్నా తక్కువే, ఎందుకంటే పడగొట్టే ఖర్చు కూడా బేరంలో తీసేస్తారు.

కొన్ని నెలలుగా మా అమ్మ కోసం మూలాపేట, రంగనాయకులపేట, సంతపేట వీధుల్లో ఇళ్ళు చూస్తున్నాను. మేముండేది రైలు కట్టకు పడమటి పక్క, లిఫ్టున్న ఫ్లాట్‌లో. అమ్మకు డెబ్బై దాటాయి. కాళ్ళు బాగానే ఉన్నాయి గానీ వాటికి పని లేదు. కూరగాయలు ఫోన్లో వస్తాయి, గుడికి ఎవరో ఒకరు కారు తీయాలి. గట్టి వాన పడితే ఆత్మకూరు బస్టాండు దగ్గరా, మాగుంట లేఅవుట్ దగ్గరా అండర్‌బ్రిడ్జిల్లో నీళ్ళు నిలిచి ఊరు రెండు ముక్కలవుతుంది. ఆ రోజు ఆమెకు ఇల్లే జైలు.

పాత వీధుల్లో ఇల్లు చూపించిన ప్రతి బ్రోకరూ నన్ను మొదట అడిగింది ఒకటే: "కారు యాడ పెడతారు సార్?" ఆ ప్రశ్నలోనే అక్కడి ధరల గుట్టు ఉంది. మార్కెట్ ఈ పేటలను కారు కళ్ళతో చూసి వెల కడుతోంది. అక్కడ ఉండేవాళ్ళు పొందే విలువంతా కాలినడకలో ఉంది. అందుకే కారు లేకున్నా గడిచే మనిషికి, ముఖ్యంగా వయసు మళ్ళినవాళ్ళకు, ఈ ఇళ్ళు చెప్పే ధరకన్నా ఎక్కువ విలువైనవని నా అభిప్రాయం. రిస్కు లేదని కాదు. అయితే అందరూ భయపడే చోట, అంటే గోడల్లో, అది ఉండదు. కాగితాల్లో ఉంటుంది.

ఈ వీధుల్ని నడవడానికి అనువుగా ఎవరూ ప్లాన్ గీయలేదు. పెన్న ఒడ్డున తల్పగిరి రంగనాథస్వామి గుడి, మూలాపేటలో మూలస్థానేశ్వరుడి గుడి, మధ్యలో అంగళ్ళు, ఆ వెనక ఇళ్ళు. నెల్లూరు మునిసిపాలిటీ ఏర్పడిన 1866 నాటికి సామాన్యుడి వాహనం అతని కాళ్ళే. కావలసినవన్నీ కాళ్ళకు అందేంత దూరంలో లేకపోతే ఊరు నడిచేది కాదు. మద్రాసు నుంచి కలకత్తా వెళ్ళే పాత బాట ఊరి మధ్యగా పోయేది కాబట్టే దానికి ట్రంకురోడ్డు అని పేరు. హైవే బైపాస్‌కు తరలిపోయినా అంగళ్ళు కదల్లేదు. ఈ రోజుకీ మూలాపేటలో ఉన్న మనిషి పాలు, పూలు, మందుల షాపు, టైలరు, గుడి అన్నీ చెప్పులేసుకుని వెళ్ళి చూసుకుని రాగలడు. పొగతోట ఆస్పత్రులకు ఆటో చాలు.

అలాగని ఈ నడకేమీ పూలబాట కాదు. ఫుట్‌పాత్ అన్నది దాదాపు లేదు. ఉన్న కాస్త చోట బైకులు నిలిపి ఉంటాయి. కాలవల మీద బండ ఒకటి ఉంటుంది, ఒకటి ఉండదు. దోమల సంగతి నెల్లూరు వాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు, పక్క జిల్లాల వాళ్ళు మన మీద వేసే జోకుల్లో సగం వాటివే. ఇల్లు చూడటానికి పగలు పదకొండింటికి వెళ్తే ఇవేవీ కనిపించవు. సాయంత్రం ఏడింటికి ఒకసారి, వాన పడ్డ మర్నాడు ఒకసారి వెళ్ళాలి. 2021 నవంబరులో పెన్న పొంగినప్పుడు భగత్‌సింగ్ కాలనీ, వెంకటేశ్వరపురం మునిగాయి. ఏటికి దగ్గరగా కొనేవాళ్ళు ఆ వారం నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో ఎదురింటివాళ్ళను అడగడమే మంచిది. గోడ మీద వేలు పెట్టి చూపిస్తారు.

పాతపేటలో వీధి వేరు, సందు వేరు. దేవుడు ఊరేగే వీధులు రథం మలుపు తిరగాలి కాబట్టి వెడల్పుగానే ఉంటాయి. సందులకు ఆ అవసరం రాలేదు. కొనేవాళ్ళు చాలామంది పాతది పడగొట్టి కొత్తది కట్టుకుందామనుకుంటారు. కొత్త ప్లాను పెట్టిన రోజు అసలు చిక్కు మొదలవుతుంది. వీధి నిబంధనల ప్రకారం వెడల్పు లేకపోతే మన స్థలంలోంచే రోడ్డుకు కొంత వదలమంటారు, ఆపైన చుట్టూ ఖాళీ విడవాలి. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ ఉన్న స్థలంలో ఇవన్నీ పోగా కట్టుకోవడానికి మిగిలేది చూసి నీరసపడిపోతాం. ఉన్న ఇంటిని బాగుచేసుకుంటే ఈ కోత ఉండదు. బ్రోకరు సున్నా అన్న ఇంటికి అసలు విలువ ఇదే. ఆ గోడల వల్లే అన్ని అంకణాలూ మనకు దక్కుతాయి.

పాత ఇంటిని బాగుచేయడం మాటలు కాదన్నదీ నిజమే. ఇక్కడి పాతవాటిలో చాలా వరకు మద్రాసు మిద్దెలు. టేకు దూలాల మీద ఇటుకలను నిలువంచున ఏటవాలుగా పేర్చి, సున్నంతో బిగించి, పైన గచ్చు వేస్తారు. ఇనుము ఉండదు కాబట్టి తుప్పు బెడద లేదు. దూలం కొసలు గోడలోకి దూరే చోట చెదలు, తేమ చూసుకోవాలి, మిద్దె ప్రాణమంతా అక్కడే. ఇలాంటి ఇళ్ళను పాడుచేసేది తరచుగా మనం చేయించే రిపేరే. సున్నపు గోడ తేమను పీల్చి బయటికి వదులుతుంది. దాని మీద సిమెంటు పూత పూస్తే తేమ లోపలే చిక్కుకుని పెచ్చులు రాలతాయి. "ఇల్లు పాతబడింది, చెమ్మ కొడుతోంది" అని అమ్మేసే ఇళ్ళలో కొన్నింటి జబ్బు ఇంతే. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడం కష్టం, దొరికితే వదలకండి.

ఇక సంతకాలు. లేఅవుట్‌లో ప్లాటు కొంటే అమ్మేవాడు ఒకడు. పాత ఇంటిని అమ్మేది ఒక వంశం. నేను చూసిన ఒక ఇంటి హక్కుదారులు ఏడుగురు. ఇద్దరు నెల్లూరులో, ఒకరు చెన్నైలో, ఇద్దరు హైదరాబాదులో, ఒకామె అమెరికాలో, ఇంకొకామె ఎక్కడున్నారో చెప్పడానికి మిగతావాళ్ళు ఇష్టపడలేదు. "ఆడపిల్లలకు పెళ్ళప్పుడే ఇచ్చేశాం సార్, వాళ్ళ సంతకాలు అక్కర్లేదు" అన్నారు. మన ఊళ్ళలో ఇంత తేలిగ్గా అనేసి, ఇంత ఖరీదుగా కొనుక్కునే మాట ఇంకొకటి లేదు. ఇల్లు తండ్రి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా చనిపోతే కూతురికి సమాన వాటా 1956 హిందూ వారసత్వ చట్టంతోనే వచ్చింది. పిత్రార్జితంలో మన రాష్ట్రం అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకు 1985 సెప్టెంబరు 5 నుంచి హక్కు ఇచ్చింది, 2005లో కేంద్ర సవరణ ఆ గీతను చెరిపేసి కూతుళ్ళందరికీ ఇచ్చింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదనీ 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన భాగపంపిణీ ఉంటే అది చెల్లుతుంది. లేకపోతే పెళ్ళప్పుడు ఇచ్చిన బంగారం ఏ దస్తావేజుకూ సంతకం కాదు.

ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం, తీశాం కదా అని నిశ్చింతగా ఉండేవాళ్ళకు ఒక మాట. కంప్యూటర్లో వచ్చేది 1983 నుంచే. అంతకు ముందువాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. ఈసీలో నోటిమాట పంపకాలు, రిజిస్టర్ చేయని వీలునామాలు కనిపించవు. గుడి చుట్టుపక్కల కొనేటప్పుడు ఆ స్థలం దేవాదాయ శాఖ ఇచ్చిన 22-ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో, ఉందేమో బయానా ఇవ్వకముందే చూసుకోవాలి. అమెరికా నుంచి పవర్ ఆఫ్ అటార్నీ పంపిస్తే అది ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు కట్టించాలి. ఉమ్మడి గోడ ఉంటే పక్కింటివాళ్ళతో ఒక కాగితం రాసుకుంటే మేలు. వాళ్ళ కిటికీకి మన పెరటి వైపు నుంచి 20 ఏళ్ళుగా ఆటంకం లేకుండా గాలి, వెలుతురు వస్తుంటే ఈజ్‌మెంట్ చట్టం కింద అది వాళ్ళకు హక్కవుతుంది, మన ఇష్టానికి గోడ లేపలేం.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. పాత కట్టడానికి బ్యాంకులు ఇంకా ఎన్నేళ్ళు నిలుస్తుందో చూసి లోను తగ్గిస్తాయి, చేతి డబ్బు ఎక్కువ కావాలి. లోను దొరక్క కొనేవాళ్ళు తగ్గడం కూడా ధర దిగి ఉండటానికి ఒక కారణం.

నాకు తెగని సందేహం ఒకటి ఉంది. నాలాంటివాళ్ళు ఈ నడకను మెచ్చి కొంటారు, కొన్నాక ఒక కారు తెచ్చుకుంటారు. అరుగు తీసి ర్యాంపు వేస్తారు. వీధిలో నాలుగు ఇళ్ళు అలా మారితే సాయంత్రం పూట ఆ వీధిలో ముసలివాళ్ళు కూర్చునే చోటు ఉండదు. ఏ నడక కోసం వచ్చామో దాన్ని మన చేతులతోనే చెడగొట్టుకుంటాం. దీనికి నా దగ్గర మంచి జవాబు లేదు. మా కారు పడమటి పక్కే ఎక్కడైనా అద్దెకు పెట్టుకుందామని ఇంట్లో అన్నాను. నవ్వారు.

ప్రస్తుతం మా బేరం మూలాపేటలో ఒక ఇంటి దగ్గర ఆగి ఉంది. ఆరు సంతకాలు సిద్ధం, ఏడోది రావాలి. ఈలోగా సర్వేయరుతో కొలిపించాం. బ్రోకరు 15 అంకణాలన్నాడు. దస్తావేజులో ఉన్నదీ టేపులో వచ్చిందీ పద్నాలుగున్నరే. ఆ అర అంకణం ఏమిటంటే వాకిలి పక్కన 12 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పున్న అరుగు. అది కార్పొరేషన్ కాలవ మీద ఉంది, ఎప్పుడైనా తీసేయమనవచ్చు. ధర తగ్గించమని అడుగుదామని లెక్కలు వేస్తుంటే అమ్మ పక్కనుంచి వింది.

"ఆ అర అంకణంలోనే కదా నాయనా, నేను కూర్చునేది" అంది.